ఇరవై నాలుగు బూడిదరంగు తీగలు

కోర్ను రైల్వే స్టేషన్ నెట్‌వర్క్ గదిలో ముసలి టెక్నీషియన్ ఫానికా కుర్చీలో కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. ఎదురుగా సగం తాగిన కాఫీ ఉంది. డాక్టరు గుండెపోటని రాసి, సంతకం గిలికి, టిఫిన్‌కి వెళ్లిపోయాడు. ఆ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని చూసినవాడు ఒక్కడే, నారింజరంగు చొక్కా తొడుక్కుని నేల తుడుస్తున్న స్వీపరు. అతని అసలు పేరు రారేష్ టుడోసే. రొమేనియా గూఢచారి శాఖలో పదకొండేళ్ల సర్వీసు. కాఫీలో చేదుబాదం వాసన, అంటే సైనైడ్ వాసన వస్తోంది.

ఫానికా టోపీ లోపలి కుట్టులో మడిచిన కాగితం దొరికింది. రారేష్ తలుపు గడియపెట్టి తన పై అధికారి కర్నల్ హరలాంబ్‌కి ఫోన్ చేశాడు.

“చంపేశారు సార్. టోపీలో ఏదో కాగితం దాచుకున్నాడు.”

“అనుకున్నాను. విను. బుఖారెస్ట్ రైలు పదకొండూ ముప్ఫై ఎనిమిదికి సొరంగంలోకి దూరుతుంది. మూడో బోగీలో మన సాక్షి ఉన్నాడు. రేపు కోర్టులో అతను నోరు విప్పితే మనం వెంటాడుతున్న విదేశీ ముఠా మూటాముల్లె సర్దుకోవలసిందే. అందుకే దారిలోనే చంపాలని చూస్తారు.”

“అయితే రైలు ఆపించండి.”

“ఏం చెప్పి ఆపించను? ముసలాడి టోపీలో కాగితం దొరికిందనా? మంత్రిగారు నా టోపీ ఊడబీకుతారు. ఆధారం చూపించు, క్షణంలో ఆపిస్తా. సాయానికి స్మరాండాని పంపుతున్నాను.”

ఆ రైల్లో టికెట్లు తనిఖీ చేసేది రారేష్ భార్య ఒటీలియా. ఆ సంగతి కర్నల్‌కీ తెలుసు.

కాగితం మీద వారం కిందటి తేదీ, దానికింద అంకెల బారు ఉన్నాయి. చూడగానే రారేష్‌కి అర్థమైంది, అది నెట్‌వర్క్‌లో తిరిగే ఫ్రేమ్. తీగల్లో సమాచారం ఏరులా పారదు. ముక్కలై, పార్సెళ్లలా వెళుతుంది. ప్రతి పార్సెల్ మీద ముందు చేరవలసిన చిరునామా, తరవాత పంపినవాడి చిరునామా, మధ్యలో సరుకు, చివర దారిలో ఏమీ చెడలేదని చూసుకునే తనిఖీ అంకె. ఇంకో నియమం ఉంది. పార్సెల్ అరవై నాలుగు బైట్లకి తగ్గకూడదు. సరుకు చాలకపోతే ఆలూబుఖారాల పెట్టెలో గడ్డి కుక్కినట్టు సున్నాలు కుక్కి నింపుతారు. గడ్డిని ఎవరు వెతుకుతారు?

ఫానికా వెతికాడు. సున్నాలు ఉండవలసిన చోట 11, 42 అని రెండు అంకెలున్నాయి. వాటికింద పెన్సిల్‌తో గట్టిగా గీత గీశాడు. ఆ గీతకే ప్రాణం ఇచ్చుకున్నాడు పాపం.

పదకొండూ పాతికకి తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

“ఈ ఏడు ఆలూబుఖారాలు పులుపట,” అంది బయటి నుంచి ఆడగొంతు. అది శాఖ గుర్తుమాట.

“చక్కెర దండిగా వేస్తే సరి,” అని జవాబు చెప్పి రారేష్ గడియ తీశాడు.

బొచ్చు కాలరు కోటు, ముత్యాల దుద్దులు, గదినంతా ముంచెత్తే సెంటు. స్మరాండా శాఖలోకెల్లా అందగత్తె, నెట్‌వర్క్ పనుల్లో దిట్ట. శవం మీద దుప్పటి కేసి ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకుంది.

“పాపం బాబాయ్. ఏమోయ్ రారేష్, ఆ చొక్కా నీకు భలే నప్పిందే! ఇదే ఉద్యోగం ఖాయం చేసుకో.”

“జీతం మనకంటే నయమేనట మేడం.”

ఆమె నవ్వుతూ ల్యాప్‌టాప్ తీసి గోడకున్న స్విచ్‌కి తగిలించింది. స్విచ్ అంటే తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. సొరంగం కెమెరాలు, అత్యవసర ఫోన్లు, సొరంగానికి అవతలి స్టేషన్ లైను అన్నీ అందులోకే వస్తాయి. ఇరవై నాలుగు తీగలు, అన్నీ బూడిదరంగువే, దేని మీదా చీటీ లేదు. చీటీలు అతికించడం ఫానికాకి నామోషీ. అన్నీ నా బుర్రలో ఉన్నాయిరా అనేవాడు. ఇప్పుడా బుర్ర దుప్పటి కింద ఉంది.

ఫానికా పాత కంప్యూటర్ తెర మీద దాటిపోయే ప్రతి ఫ్రేమూ కనబడుతోంది. ఒక కొత్త వరస వచ్చింది. రారేష్ పంపినవాడి చిరునామా చదివాడు. కాగితం తీసి మళ్లీ చదివాడు. రెండూ ఒకటే. పిస్తోలు తీశాడు.

“ఆ మిషను మీద నుంచి చేతులు తియ్యండి మేడం. వారం కిందట ఈ ఫ్రేమ్ పంపింది అదే.”

స్మరాండా చేతులు తీరిగ్గా ఎత్తింది. “ముసలాడు అంత చూశాడా! వాడు దాచినదేదో చెరిపేద్దామనే వచ్చాను.”

రారేష్ ఆమెను కిటికీ ఊచకి బేడీలేసి కట్టాడు. కర్నల్‌కి రెండు ముక్కల్లో చెప్పాడు. కర్నల్ వెంటనే రైలు ఎక్కడుందో వాకబు చేశాడు.

“రైలు ఇప్పుడే సొరంగంలోకి వెళ్లిందోయ్. లోపలికి రేడియో అందదు.”

రారేష్ ఒటీలియాకి ఫోన్ చేశాడు. మోగలేదు. టైము పదకొండూ ముప్ఫై తొమ్మిది.

“వృథా,” అంది స్మరాండా. “బాంబు ఆ సొరంగంలోనే, కెమెరా పెట్టెలో ఉంది. పేలమనే ఫ్రేమ్ పదకొండూ నలభై రెండుకి అవతలి స్టేషన్ నుంచి వస్తుంది. అది నా చేతుల్లో లేదు.”

“ఆ లైను పీకేస్తాను.”

“ఏది? వీటిలో ఒకటి అవతలి స్టేషన్‌ది. ఒకటి బాంబుది. బాంబు తీగ ఊడితే అప్పుడే పేలుతుంది. కరెంటు తీసేసినా అంతే. పీకు నాయనా, చూద్దాం.”

పదకొండూ నలభై. రారేష్ ఏదైనా గుర్తు దొరుకుతుందేమోనని తీగలన్నీ మళ్లీ వెతికాడు. పొద్దున గుమ్మంలో ఒటీలియా స్కార్ఫు చుట్టుకుంటూ వెళ్లొస్తానంటే, పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ అన్నాడు. ఏడుపొచ్చింది.

పదహారేళ్లప్పుడు గలాట్స్ ఊళ్లో తాముండే అపార్టుమెంట్ల మధ్య చెట్ల మీదుగా తీగలు లాగి, నలభై ఇళ్లకి ఇంటర్నెట్ పంచినవాడు అతను. ఆ రోజుల్లో నెలకోసారైనా ఎవరో ఒక మహాతల్లి వేలాడే తీగ చూడలేక ఖాళీ కన్నంలో దోపేసేది. తీగ రెండు కొసలూ ఒకే పెట్టెలోకి! దాంతో ఒక ఫ్రేమ్ వెళ్లి, తిరిగొచ్చి, రెండై, వెయ్యై, లక్షై గిరగిరా తిరిగేది. పెట్టె మీది దీపాలన్నీ వెలుగుతూనే ఉండేవి, తీగలన్నీ బతికే ఉండేవి. కానీ నలభై ఇళ్లలో ఒక్కదానికీ ఒక్క మాట చేరేది కాదు.

బల్లమీద పొట్టి తీగ ఒకటి పడి ఉంది. ఒక కొస ఖాళీ కన్నంలో గుచ్చాడు.

“ఏం చేస్తున్నావ్?” స్మరాండా గొంతులో మొదటిసారి బెదురు వినిపించింది.

“తప్పు చేస్తున్నాను,” అంటూ రెండో కొస కూడా అదే పెట్టెలో గుచ్చాడు.

స్విచ్ మీది దీపాలన్నీ ఒక్కసారి పిచ్చెత్తినట్టు మిణుకుమని, ఆపైన ఆరకుండా వెలిగాయి. తెర మీద ఫ్రేములు కంటికానకుండా పరిగెత్తి, కంప్యూటర్ బిగుసుకుపోయింది. గోడ గడియారం నలభై రెండు చూపించింది. అతను కళ్లు మూసుకున్నాడు. నేల అదిరింది.

అది రైలు. సొరంగం దాటి స్టేషన్‌లోకి వస్తోంది.

ప్లాట్‌ఫారం మీద పోలీసులు మూడో బోగీ చుట్టుముట్టారు. ఇంకో జట్టు సొరంగంలోకి పరిగెత్తింది. ఒటీలియా కిందికి దిగి, నారింజరంగు చొక్కాలో కళ్లు తుడుచుకుంటున్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

“నువ్వా! ఇక్కడేం పని నీకు?”

“చిన్న వైరు పెట్టాలంటే వచ్చాను.”

“ఊళ్లు దాటొచ్చి మరీ వైర్లు పెడుతున్నావా! ఇంట్లో టీవీ వైరు మూడు నెలల నుంచి వేలాడుతోంది, అయ్యగారికి కనబడదు.”

అతను ఆమెను గట్టిగా వాటేసుకున్నాడు. “సాయంత్రం పెడతానే. ఒకటే కొస పెడతాను, ఒట్టు.”