ఇంట్లో ఏమని పిలుస్తారు?

కిసీ అనే మా ఊళ్ళో మధ్యాహ్నం మూడు దాటితే వాన పడుతుంది. పడకపోతేనే వింత. మా సైబర్ దుకాణం మేడ మీద. కింద అరటిగెలల అంగడి, నెత్తిన రేకుల కప్పు. వాన మొదలైతే ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి నేనూ, నాతో పనిచేసే కెముంతో అనే అమ్మాయీ సైగలతోనే పోట్లాడుకునేవాళ్ళం.

పోట్లాట అంటే నిజం పోట్లాట కాదులెండి. కెముంతో నా స్నేహితురాలు. దానిమీద నాకు కుళ్ళు. రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతాయో నన్నడగండి, చెప్తాను.

అది రాకముందు ఈ దుకాణానికి రాణిని నేను. పన్నుల కాగితం నింపాలన్నా, ముసలమ్మకి ఈమెయిల్ తెరవాలన్నా "బోసిబోరి ఏదీ?" అనేవాళ్ళు. వాళ్ళ పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టి, మర్చిపోతారని నోటుపుస్తకంలో రాసుంచేదాన్ని. ఊళ్ళో సగం మంది తాళాలు ఆ పుస్తకంలోనే. కెముంతో చేరిన రెండో వారమే అది చూసి గుండె పట్టుకుంది. "ఒసే, ఇది పుస్తకమా, దొంగలకి పెళ్ళిపిలుపా?" అంటూ నా చేతే ముక్కలు ముక్కలు చింపించింది. అప్పట్నుంచి వచ్చినవాళ్ళంతా "ఆ కొత్తమ్మాయి లేదా?" అని నా మొహం మీదే అడుగుతారు.

అంతటితో ఆగిందా? ఊరి రేడియోలో మంగళవారం పొద్దున పది నిమిషాలు కంప్యూటర్ కబుర్లు, జాగ్రత్తలు చెప్పడానికి ఇద్దర్నీ పరీక్షించి, దాన్ని తీసుకున్నారు. నేను మధ్యలో నవ్వానట! రెండు వారాలు బాగా చెప్పింది. మూడోదీ బాగుంటే ఆ కార్యక్రమం దానికే ఖాయం.

దానికి ముందురోజు, సోమవారం, కెముంతో పెందలాడే ఇంటికి బయల్దేరింది. "రేపు చదివేది నీకు పంపానే. తప్పులుంటే దిద్దు" అంది. అది కంప్యూటర్లో మా ఇద్దరికే తెరుచుకునే కాగితం. ఒకళ్ళు రాస్తుంటే రెండోవాళ్ళకి కనపడుతుంది. దిద్దుతాను, ఎందుకు దిద్దనూ! ఒక్కచోట "చెప్పకండి" అన్నదాన్ని "చెప్పండి" అని మారిస్తే చాలు, రేడియోలో నాలుక కరుచుకుంటుంది. అంతకు మించిన చెడు నా మనసులో లేదు.

వాన దంచింది. కరెంటు పోయింది. నాలుగింటికే గదంతా చీకటి. తడిసిన గోనెల వాసన, మగ్గిన అరటిపళ్ళ వాసన, వాటి మధ్య ఎక్కడో వైరు కాలుతున్న వాసన. ఉన్న ఒక్కరిద్దరూ వెళ్ళిపోయారు. నా ముందున్న ల్యాప్‌టాప్ ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతోంది.

"చెప్పకండి" అన్న మాట దొరికింది. చెరపబోయాను.

అప్పుడు కనిపించింది... ఇంకో గీత.

రాసేవాళ్ళు ఎక్కడున్నారో చూపించే సన్నటి నిలువు గీత. నాది నీలం. కెముంతోది ఆకుపచ్చ. ఇది ఎర్రగా... పేరు లేకుండా... ఆగి ఆగి కొట్టుకుంటోంది.

అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"దానిమీద నీకూ కుళ్ళేనా?"

ఉలిక్కిపడ్డాను. తర్వాత, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. రేడియోవాళ్ళలో ఎవరికో చూపించి ఉంటుంది, వాళ్ళకీ మండుతున్నట్టుంది అనుకున్నాను. తోడు దొరికింది.

"కుళ్ళా? అబ్బే! ఉత్త కడుపుమంట" అని కొట్టాను.

"నాదింకా పాతది. ఏ బడిలో చదివింది?"

"కొండవతల మిషన్ బడిలో. అక్కడా ఫస్టేనట, మహాతల్లి."

"అమ్మ పేరు?"

"న్యాంచామా. కూతుర్ని చూసుకుని తెగ మురిసిపోతుంది."

"ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"ఇంత పొడుగు మనిషిని పట్టుకుని కడోగో అంటారు, బుజ్జిది అని! నవ్వు రావట్లా?"

ఎర్ర గీత కొట్టుకోవడం ఆపేసింది.

"చాలు."

మాయమైంది.

దాని కిందే ఉన్న కెముంతో మాటలు అప్పుడు చదివాను. "మీ ఖాతాలో దూరాలనుకునేవాళ్ళు తాళం అడగరు. మొదటి బడి, అమ్మ పేరు, ముద్దుపేరు... ఒక్కొక్కటే అడుగుతారు. మీ పక్షం వాళ్ళలాగే మాట్లాడతారు. చెప్పకండి."

గోడమీది ఇంటర్నెట్ పెట్టె వైపు చూశాను. ఒక్క దీపం లేదు. కరెంటుతో పాటే అదీ పోయింది.

మరి ఇంతసేపూ... నేను ఎవరితో...?

కెముంతోకి ఫోన్ చేశాను. మోగింది. మోగుతూనే ఉంది.

మంగళవారం పొద్దున దుకాణం నిండా జనం. కెముంతో నేరుగా స్టేషన్‌కి వెళ్ళి ఉంటుందని రేడియో పెట్టాను. పదింటికి దాని గొంతు గలగలా వినిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ గొంతు విని కుళ్ళు పుట్టకపోవడం అదే మొదటిసారి.

దుకాణం ఫోన్ మోగింది. న్యాంచామా అత్త.

"బోసిబోరీ, రేడియోవాళ్ళకి కబురు పెట్టమ్మా. మా పిల్ల ఇవాళ రాలేదని."

"అదేంటత్తా? ఇక్కడ..."

"నిన్న సాయంత్రం ఆ వానలో ఎవరో వాకిట్లోంచి కడోగో, కడోగో అని పిలిచారు. మనవాళ్ళే అనుకుని తలుపు తీసింది. అప్పట్నుంచీ మంచం మీదే. కళ్ళు తెరిచే ఉన్నాయి తల్లీ... గొంతు పెగలట్లేదు."

రేడియోలో కెముంతో నవ్వింది.

"జాగ్రత్తలు చాలు, ఇవాళొక ఆట ఆడదాం. మీ పిల్లల్ని ఇంట్లో ఏమని పిలుస్తారో ఫోన్ చేసి చెప్పండి. అన్నిటికంటే ముద్దైన పేరుకి బహుమతి!"

దుకాణంలో పకపకా నవ్వులు. నాలుగు ఫోన్లు ఒక్కసారే బయటికొచ్చాయి.

"ఆగండి! చెప్పకండి!" అని అరిచాను.

"దీనికి మళ్ళీ మొదలైందర్రా కడుపుమంట" అన్నాడు వెనకబెంచీ మీది ముసలాయన. ఇంకా గట్టిగా నవ్వారు.

రేడియోలో మొదటి ఫోన్ కలిసింది. ఆడగొంతు. సిగ్గుపడుతూ, మురిసిపోతూ... మా అమ్మ.

"మా బోసిబోరినా? ఇంట్లో మేం దాన్ని..."

వైరు పీకేశాను. మా రేడియో ఆగింది. కింది అంగడిలో అదే స్టేషన్. వీధిలో ఆగి జనాన్ని ఎక్కించుకుంటున్న మటాటు బండిలో అదే. మిగతాది పూర్తిగానే వినపడింది.

నవ్వులు సద్దుమణిగాయి. మెట్లెక్కి వస్తున్న అడుగుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. ఎవరో మెల్లగా, ముద్దుగా, నన్ను పిలిచారు.

బోసిబోరి అని కాదు.