గ్రాఫులో పడిన గుంట

సోలార్ దారిని చూసుకునే కుర్ర ఇంజనీరుకి ఆ నెలంతా నిద్ర పట్టలేదు. ప్రేమ వల్ల అనుకునేరు, ఇంకా అంతదాకా రాలేదు. గ్రాఫు వల్ల.

స్టేషన్ నుంచి ఆసుపత్రి దాకా కొత్తగా వేసిన ఆ సైకిల్ దారిలో తారు లేదు. పైన గరుకు గాజు, దాని కింద సోలార్ పలకలు. మీద సైకిళ్ళు పోతుంటే కింద కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో ఆసుపత్రిలో ఫ్యాన్లు తిరుగుతాయి. ఇదంతా ఏడాది ప్రయోగం. చివర్లో కమిటీ వస్తుంది. అనుకున్నంత కరెంటు రాలేదని తేలితే పలకలన్నీ పెరికేసి తారు పోసేస్తుంది. దానికి ఇంకా మూడు నెలలే ఉంది. అతగాడికి ఆ దారి మొదటి ఉద్యోగం, మొదటి బిడ్డ, మొదటి తలనొప్పి.

గ్రాఫు పొద్దున్నే బుద్ధిగా పైకి లేచేది. ఏడు కాగానే వంతెన దగ్గర పలకల్లో గుంట పడేది. ఎనిమిదయ్యేసరికి మళ్ళీ తేరుకునేది. అతను వైర్లు మార్చాడు, పెట్టెలు విప్పి బిగించాడు, సాఫ్ట్‌వేర్‌ని నోరారా తిట్టాడు. అయినా గుంట గుంటే. ఒక్క ఆదివారాలు మాత్రం ఉండేది కాదు. ఆదివారం సెలవు తీసుకునే ఫాల్ట్ ఎక్కడుందా అని అనుమానం వచ్చి, ఓ పొద్దున స్కూటరేసుకుని స్వయంగా బయల్దేరాడు.

వంతెన దగ్గర నలభై దాటిన ఆడవాళ్ళు ఓ పదిమంది, సైకిళ్ళు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ పొడుగాటి నీడలన్నీ గాజు మీద దర్జాగా పడుకుని ఉన్నాయి. మెడలో విజిల్ వేసుకున్న ఒకమ్మాయి, ఓ పెద్దావిడ సైకిల్ సీటు పట్టుకుని వెనకాలే పరిగెడుతోంది.

"కింద చూడకండి. దారి ఎక్కడికీ పారిపోదు. ముందుకి చూడండి."

పెద్దావిడ ముందుకి చూసింది. ఎదురుగా ఇంజనీరు కనిపించాడు. వెంటనే హ్యాండిల్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇంకేముంది, సైకిలు, ఆవిడ, ఆ అమ్మాయి అందరూ కలిసి వచ్చి స్కూటర్ మీద పడ్డారు.

చేతులు తీసి చూస్తే ఆవిడ అతని తల్లి. రోజూ వాకింగ్‌కని చెప్పి వచ్చేది ఇక్కడికన్నమాట. దొరికిపోయినవాళ్ళే ముందు దబాయించాలన్న సూత్రం ఆవిడకి బాగా తెలుసు.

"నువ్విక్కడేం చేస్తున్నావురా?" అంది.

తల్లితో ఇంట్లో తేల్చుకోవచ్చని అతను ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె మోచెయ్యి గీసుకుపోయింది, ముక్కు మీద దుమ్ము అంటింది. కోపంలో ఉన్నవాడు గమనించాల్సిన విషయాలు కావివి. అయినా గమనించాడు.

"మీ నీడలు నా పలకల మీద పడుతున్నాయండీ," అన్నాడు.

"నీడల్ని ఇంట్లో పెట్టి రమ్మంటారా?"

"ఇది దారి. వెళ్ళడానికి వేసింది, నిలబడటానికి కాదు."

"నేర్చుకోకుండా ఎలా వెళ్తారు సార్?"

పెద్ద రోడ్డు మీద లారీలు, సందుల్లో గుంతలు, ఈ వయసులో పడి లేవడానికి వీళ్ళకి ఊళ్ళో ఇంకో చోటు లేదని ఆమె నెమ్మదిగానే చెప్పింది. అతను విన్నాడు. విని కూడా మర్నాడు అక్కడ 'ఈ దారిపై ఆగరాదు' అని బోర్డు పెట్టించాడు.

క్లాసు అక్కణ్ణించి లేచిపోయింది. ఇంట్లో తల్లి అతనితో మాటలు మానేసి పొయ్యితో మాట్లాడటం మొదలుపెట్టింది. కొంతమందికి కన్నతల్లి కంటే గాజుముక్కలెక్కువని పొయ్యికి రోజూ చెప్పేది.

గుంట మాత్రం పూడిపోయింది. అతను పొంగిపోయాడు. ఆ పొంగు వారమైనా నిలవలేదు. ఈసారి గ్రాఫు మొత్తం, పొద్దున్నించి సాయంత్రం దాకా, కాస్త కాస్తగా కిందికి దిగడం మొదలుపెట్టింది. మళ్ళీ వైర్లు, మళ్ళీ పెట్టెలు, మళ్ళీ తిట్లు. ఆఖరికి వెళ్ళి వంతెన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గాజుని అరచేత్తో తుడిచాడు. చెయ్యంతా మట్టి. వారానికోసారి వచ్చే మెషీన్ ఊడ్చి వెళ్ళి ఇంకా రెండు రోజులే అయింది.

ఇంటికొచ్చి ఆ చెయ్యి తల్లికి చూపించాడు. ఆవిడ చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"రోజూ మేమే ఊడ్చేవాళ్ళంరా. ఈ చివర్నించి ఆ చివరిదాకా, ఎవరి చీపురు వాళ్ళు తెచ్చుకుని. ఇసుక మీద జారిపడితే ఈ వయసులో ఎముకలు అతుక్కోవద్దూ?"

"మరి చెప్పలేదేం?"

"దానివల్ల నీ కరెంటు పెరుగుతుందని మాకేం తెలుసు? నీకే తెలియలేదు."

గంటసేపటి నీడని చూసి, రోజంతా ఉండే వెలుతురుని తరిమేశానని అతనికి అర్థమైంది. తనంత తెలివితక్కువవాడు ఆ ఆఫీసులోనే కాదు, చుట్టుపక్కల కూడా ఉండడనిపించింది. స్కూటర్ తీశాడు.

స్కూలు వెనక కంకర నేల మీద క్లాసు నడుస్తోంది. ఒక్కొక్కరి మోకాళ్ళకీ ఒక్కో పట్టీ. అతను బోర్డు పీకేస్తానన్నాడు, తప్పైపోయిందన్నాడు, రేపట్నించే వచ్చేయమన్నాడు. విజిల్ టీచరు అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ దారి మీద మీరెప్పుడైనా సైకిల్ తొక్కారా?"

అతను ఆకాశం వైపు చూశాడు. వెనక నుంచి తల్లి సాయానికొచ్చింది.

"వాడికి రాదమ్మా."

ఆడవాళ్ళంతా నవ్వారు. టీచరు నవ్వు ఆపుకోవాలని చూసి, కుదరక విజిల్ నోట్లో పెట్టుకుంది. అది ఆమె ప్రమేయం లేకుండానే కూసింది. క్లాసు తిరిగి రావాలంటే సాయంత్రాలు ఆయనగారు నేర్చుకోవాలని షరతు పెట్టింది.

మర్నాడే బోర్డు పోయింది, పొద్దుటి క్లాసు చీపుళ్ళతో సహా తిరిగొచ్చింది. అలా సైకిల్ దారి వేసిన మనిషి సైకిల్ నేర్చుకోవడం మొదలైంది. గ్రాఫులు గీసే చేతులు హ్యాండిల్ దగ్గరికొచ్చేసరికి ఎనిమిదంకెలు గీసేవి. "పలకల్ని తర్వాత లెక్కపెట్టుకోవచ్చు, ముందు తొక్కండి" అని ఆమె వెనక నుంచి అరిచేది. పాఠం కాసేపే. తర్వాత ఇద్దరూ వంతెన దగ్గర ఆగేవారు. తన తండ్రి నడిపే సైకిల్ రిపేరు షాపు గురించి ఆమె చెప్పేది. చిన్నప్పుడు ఒక్కసారి పడి సైకిల్ జోలికి పోకుండా ఎలా తప్పించుకు తిరిగాడో అతను చెప్పేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పినా ఆమె మొదటిసారి విన్నట్టే వినేది.

ఓ సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. ఇద్దరూ వంతెన కిందికి పరిగెత్తారు. వానకి దారంతా తళతళలాడిపోతోంది. అతను మాత్రం దారిని చూడటం లేదు.

"మీ పలకలు తడుస్తున్నాయి," అందామె.

"తడవనివ్వండి."

"ఇంజనీరు గారికి జ్వరం గానీ వచ్చిందా?"

జ్వరం కాదు, ఇంకోటి. చెప్పేద్దామని నోరు తెరిచాడు. తీరా వచ్చిన మాట, దారి తీసేస్తే తనని వేరే ఊరికి పంపేస్తారని. ఆమె చేతిలో విజిల్ తాడుని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. వాన వెలిసింది. కడిగిన గాజు మీద రేపు కరెంటు బాగా వస్తుందని మాత్రం వెళ్ళేటప్పుడు అతను చెప్పాడు. ఆ మాటకి తనని తానే తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

కమిటీ రానే వచ్చింది. ఆసుపత్రి హాల్లో గోడ మీద గ్రాఫు వేశారు. వెనక కుర్చీల్లో క్లాసు మొత్తం కూర్చుంది, మధ్యలో టీచరు. కమిటీకి పెద్ద ఒక అధికారిణి. కళ్ళద్దాల మీంచి చూసిందంటే ఎదుటివాళ్ళకి చెయ్యని తప్పులు కూడా గుర్తొస్తాయి.

"మేడమీద పెడితే ఇంతకంటే ఎక్కువ వస్తుంది కదా. దారిలో ఎందుకు?" అందావిడ.

"వస్తుంది మేడమ్," అని ఒప్పుకున్నాడతను. "కానీ మేడ మీద ఎవరూ సైకిల్ నేర్చుకోరు. దీన్ని వీళ్ళే ఊడుస్తారు, వీళ్ళే తొక్కుతారు. వీళ్ళని నేను వెళ్ళగొడితే కరెంటు పడిపోయింది. రప్పించాక లెక్కకి సరిపోయింది."

ఆవిడ తలూపి, పెన్సిల్‌తో గ్రాఫు మీద పొడిచింది.

"పొద్దుటి గుంట అర్థమైంది. సాయంత్రం కొత్తగా పడిన ఈ గుంటేమిటి?"

వెనక కుర్చీల్లో దగ్గులు మొదలయ్యాయి. అన్నిటికంటే గట్టిగా దగ్గింది అతని తల్లే.

అబద్ధం చెబితే అది ఫాల్టవుతుంది. ఫాల్టైతే దారి పోతుంది. నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలియదు.

"అదీ నీడే మేడమ్. ఇద్దరిది. నాకు సైకిల్ నేర్పుతున్నారు."

"నేర్చుకునేవాళ్ళు కదులుతారుగా. ఇది ఒకేచోట గంటసేపుంది."

"పాఠం కాసేపే మేడమ్. మిగతాదంతా నేనే, కబుర్లు చెబుతూ ఆవిడని నిలబెట్టేస్తున్నాను. సైకిల్ వచ్చి కూడా చాలా రోజులైంది. వచ్చిందని చెబితే రావడం మానేస్తారని చెప్పలేదు. ఆవిడంటే నాకిష్టం. తప్పు నాదే, ఆవిడది కాదు."

అధికారిణి పెన్ను తీసింది.

"రిపోర్టులో అలాగే రాయమంటారా?"

వెనక కుర్చీ కిర్రుమంది. టీచరు లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది కానీ గొంతు వణకలేదు.

"ఆయన ఒక్కరి తప్పని రాయకండి మేడమ్. ఆయనకి సైకిల్ వచ్చేసిందని నాకూ తెలుసు. నాకూ వెళ్ళాలనిపించలేదు."

అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు ఏదో రాసింది. ఇంకో ఏడాది నడిపి చూద్దాం, నీడలతో సహా అని చెప్పి సంతకం పెట్టింది.

బయట మెట్ల మీద ఇద్దరూ ఒకరినొకరు చూడలేక చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డారు. అతని తల్లి వచ్చి టీచరు చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"రేపట్నించి కబుర్లేవో మా ఇంటికొచ్చి చెప్పుకోండమ్మా," అంది. "ఊరివాళ్ళ కరెంటు పాడుచేయకండి."