ఖాళీ అనుకున్న మెట్లు

ఆ పాత పోస్టాఫీసు గోడకి ఈమధ్యే చెడ్డపేరొచ్చింది.

అంతా లైట్ల మహిమ. ముందు నుంచి ఎవరు నడిచినా వాళ్ళ ఆకారం నాలుగంతస్తుల ఎత్తున గోడ మీద వెలుగుతూ నడుస్తుంది. చెయ్యి ఊపితే అదీ ఊపుతుంది. పిల్లలకి భలే సరదా. కానీ ప్రారంభోత్సవం అయిన దగ్గర్నుంచీ, వీధిలో నరమానవుడు లేనప్పుడు కూడా... గోడ మీద ఎవరో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నారట.

జనం అటు నడవడం మానేశారు. లైట్లు బిగించినాయనకి కబురెళ్ళింది. దెయ్యాలంటే నవ్వే మనిషే, అయినా బావమరిదిని వెంటబెట్టుకునే వచ్చాడు. ఈ సంగతి చెప్పింది ఆ బావమరిదే.

చీకటి పడింది. ఇద్దరూ వీధికి అవతల నిలబడ్డారు. గోడ మీద ఉంది... తల వంచుకుని, కదలకుండా.

"బావా... పోదాం పద."

లైట్లాయన కదల్లేదు. ఆ వంగిన వీపు ఎక్కడో చూసినట్టుంది. గుర్తొచ్చింది.

లైట్లతో పాటు బిగించిన కెమెరాకి మొదట ఖాళీ వీధి చూపించి బటన్ నొక్కాలి. ఆ తర్వాత అక్కడ ఏం మారినా, మనిషొచ్చాడనుకుని గోడ మీద వెలిగిస్తుంది. బిగించిన రోజు పోస్టాఫీసు మెట్ల మీద ఓ ముసలావిడ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. లేపడానికి బద్ధకించి, "కదలదుగా, ఉండనీ" అని బటన్ నొక్కేశాడు. కెమెరా ఆవిణ్ణి కూడా మెట్ల కిందే జమకట్టింది. తనూ అంతే చేశాడు. మర్నాడు ప్రారంభోత్సవం, ఫొటోల్లో బాగుండదని పొద్దున్నే ఆవిణ్ణి పంపించేయమని వాచ్‌మన్‌కి చెప్పాడు.

సిగ్గుపడుతూనే అదంతా చెప్పాడు.

"అంతేనా బావా." బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. "అంటే ఆవిడ లేకపోబట్టే వెలుగుతోందన్నమాట. ఆవిడొచ్చి కూర్చుంటే ఆరిపోతుంది. లేదంటే నువ్వు ఇంకోసారి బటన్ నొక్కు, పీడా పోతుంది."

నొక్కడానికి చెయ్యి రాలేదు. వాచ్‌మన్‌ని పిలిచి అడిగాడు, ఆవిడ ఎటెళ్ళిందని.

"నాకేం తెలుసు సార్. జోరున వాన. తగ్గాక పంపుతానంటే మీరే కదా వద్దన్నారు."

లైట్లాయన తల దించుకున్నాడు. "తప్పు నాదే. పదండి, వెతుకుదాం."

అప్పుడే గోడ మీద ఆకారం ఆరిపోయింది. బటన్ ఎవరూ ముట్టుకోలేదు...

తిరిగొచ్చేసిందనుకున్నాడు. కళ్ళనీళ్ళొచ్చేశాయి. "అమ్మా... క్షమించు" అంటూ వీధి దాటి పరిగెత్తాడు.

మెట్ల మీద ఎవరూ లేరు.