మూడో ద్వీపంలో ఖాళీ రోజు

"ఈసారి నీ వేషం పెళ్లైనవాడు," అన్నాడు చీఫ్.

"నేను పెళ్లైనవాణ్ణే సార్."

"అందుకే నిన్ను పిలిచాను. మేకప్ అక్కర్లేదు."

డిపార్ట్‌మెంట్‌లో ఈ గూఢచారిని అందరూ గోడ అంటారు. నుదుటికి తుపాకీ పెట్టినా, కడుపుబ్బే జోకు చెప్పినా ఆ మొహంలో మార్పు రాదు. చీఫ్ తలుపు గడియపెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

బజారులో ఒక టూర్స్ ఆఫీసుంది. ద్వీపాల విహారయాత్రలు అమ్ముతుంది. దాన్ని వెనక నుంచి నడిపేది విదేశీ ముఠా. శనివారం పొద్దున పడవలో శాంతి ఒప్పందం ప్రతినిధులు మామూలు బట్టల్లో, యాత్రికుల్లో కలిసిపోయి వెళ్తున్నారు. ఆ పడవను పేల్చే బాంబు ఈ వారంలోనే ఒక కొరియర్ చేతికి అందుతుంది.

"కొరియర్ ఎవరు?"

"ఎవరికీ తెలీదు. మామూలు కస్టమర్‌లా వచ్చి కోడ్ చెప్తాడు. ఆ కోడ్ ఓనరుకొక్కడికే తెలుసు. లోపల ముత్యం అనే ఆవిడ పనిచేస్తోంది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది, మనమూ మన మనిషే అనుకుంటున్నాం. నువ్వు నీ భార్యతో వెళ్లి టూరు ప్లాన్ చెయ్యి. ఏదీ తేల్చకు. రోజూ వెళ్లి కూర్చో, విను."

"ఆవిడకేం చెప్పమంటారు?"

"టూరుకెళ్తున్నామని చెప్పు. నటించేవాళ్లని ఆ ఓనరు ఇట్టే పసిగడతాడు. ఆమె నిజంగా నమ్మాలి."

గోడ మొహం మారలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.

భార్య లెక్కలో అతను మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. ఆమెను మాత్రం రైల్వే స్టేషన్ దాటించి ఎక్కడికీ తీసుకెళ్లింది లేదు. ద్వీపాల మాట ఎత్తగానే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"నిజంగానా?" అంది. కాసేపాగి మళ్లీ అడిగింది. రెండుసార్లూ అతను అవుననే అన్నాడు. రెండోసారి ఆమె కళ్లలోకి చూడలేక గరిటె వైపు చూశాడు.

మర్నాటికల్లా చిలకల గుడ్డ తెచ్చి మిషన్ మీద అతనికో చొక్కా కుట్టేసింది. తనకు రబ్బరు చెప్పులు కొనుక్కుంది. వాటిని ఇంట్లోనే వేసుకుని టపటపా తిరుగుతూ, పక్కింటావిడకి సముద్రం గురించి చూసొచ్చినదానిలా చెప్పింది. డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ ఆ చొక్కా పైబొత్తాం పీకేసి మైకున్న బొత్తాం పెట్టాడు. చెవిలో కందిగింజంత రిసీవర్ దూర్చాడు.

"ఈ బొత్తాం నేను కుట్టింది కాదే," అంది భార్య బయల్దేరేటప్పుడు.

"ఊడిపోతే ఆఫీసులో కుట్టారు."

"ఎవరు?"

"ఎవరో."

దారంతా ఆమె ఆ బొత్తాం వైపే చూస్తూ వచ్చింది.

టూర్స్ ఆఫీసులో గోడల నిండా నీలం సముద్రాలు, మూలన ముక్కుతూ తిరిగే ఫ్యాను. బ్రోచర్ల బల్ల వెనక ముత్యం నిలబడి ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, చెవులకు తెల్ల పూసలు. ఓనరు బట్టతల తుడుచుకుంటూ కస్టమర్లతో బేరాలాడుతున్నాడు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: తక్కువ రోజుల్లో ఎక్కువ ద్వీపాలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, కుదిరితే చీకటి పడేలోపు ఇంకొకటి.

గోడ వింటూనే ఉన్నాడు. కోడ్‌లా వినిపించే మాట ఒక్కటీ రాలేదు. అలా రోజులు గడిచాయి. ప్రతి రోజూ భార్య మ్యాపు మీద వేలితో ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి పడవలా వెళ్లేది. ఆ వేలి వెంట చూస్తుంటే అతనికి ప్రాణం చచ్చిపోయేది. ఎంతోమంది శత్రువుల్ని మోసం చేశాడు. ఒక్కరూ ఇంత సంతోషంగా మోసపోలేదు.

శుక్రవారం ఓనరుకు విసుగొచ్చింది. "అమ్మా, ఇవాళైనా తేల్చండి. మొత్తం ఎన్ని ద్వీపాలు?"

"ఎన్నైనా సరేగానీ బాబూ, మూడో ద్వీపంలో ఒక రోజు ఖాళీగా వదిలెయ్యండి."

ఓనరు పెన్ను ఆగింది. "ఖాళీగా అంటే?"

"ఏమీ చూడం. ఏ పడవా ఎక్కం. ఊరికే కూర్చుంటాం. ఈయన నా పక్కన కూర్చుని ఎరగరు."

ఓనరు మెల్లగా లేచాడు. లోపలికి వెళ్లి ఒక ఎర్ర ఫ్లాస్కు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "కంపెనీ కానుక. రేపు పొద్దున పడవలో మీ సీటు కింద పెట్టుకోండి. దిగేటప్పుడు మర్చిపోండి, పర్లేదు."

గోడకు అర్థమైంది, బాంబు ఆ ఫ్లాస్కులోనే ఉంది. జీవితమంతా హడావుడి అమ్ముకున్నవాళ్లు, హాయిగా కూర్చుంటామని అడిగేవాడు భూమ్మీద ఉండడనుకుని దాన్నే కోడ్‌గా పెట్టుకున్నారు!

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. సూటువాడొకడు వచ్చి గొంతు సవరించుకున్నాడు. "నాకు మూడో ద్వీపంలో ఒక రోజు ఖాళీగా కావాలి."

ఓనరు వాణ్ణి చూశాడు. ఆమెను చూశాడు. చెయ్యి సొరుగులోకి పోయింది. బ్రోచర్ల కిందినుంచి ముత్యం పిస్తోలు తీసి ముందు గోడకు గురిపెట్టింది, తర్వాత ఓనరు వైపు తిప్పింది.

"కంగారు పడకండి," అంది గోడతో. "అలవాటు కొద్దీ."

ఓనరు, సూటువాడు చేతులెత్తారు. ఈ గొడవ గమనించకుండా భార్య ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

"తిప్పకు!" అని గోడ కేక పెట్టాడు.

"అదేంటండీ, కడగకుండా నీళ్లు పోస్తామా?"

లోపల టిక్కుమంది. ముత్యం మొహం పాలిపోయింది. "సగం తిరిగింది. మూత అలాగే నొక్కి పట్టుకోవాలి. వదిలితే అందరం పోతాం."

చెవిలో చీఫ్ గొంతు: "బాంబు స్క్వాడ్ బయల్దేరింది. నువ్వు బయటికొచ్చెయ్. ఆర్డర్."

ముత్యం ఆ ఇద్దరినీ, మిగతా కస్టమర్లనూ బయటికి తోలుకుపోయింది. గోడ వెళ్లలేదు. భార్య పక్కన కుర్చీ లాక్కుని, ఆమె చేతుల మీద తన చేతులు వేసి మూత నొక్కిపట్టాడు.

"మీరు సిలిండర్ల ఇన్‌స్పెక్టరు కాదు," అంది ఆమె నెమ్మదిగా.

"కాదు."

"టూరు?"

"లేదు."

"నన్ను నమ్మించమని ఎవరు చెప్పారు?"

"ఆఫీసు చెప్పింది. చేసింది నేనే."

ఆమె తల దించుకుంది. "పక్కింటావిడకి చెప్పులు కూడా చూపించాను."

గోడ మొహం మొదటిసారి పగిలింది. చెంపల నుంచి మెడ దాకా ఎర్రబడింది. కాళ్ల కింద నేల చీలితే అందులోకి దూరిపోయేవాడు. దూరడానికీ లేదు, చేతులు మూత మీదున్నాయి.

"మరి ఆ బొత్తాం?" అంది భార్య, అతని చొక్కా వైపు చూస్తూ.

"మైకు. మా చీఫ్ వింటున్నాడు."

"ఆడమనిషి కుట్టింది కాదా?"

"మీసాలున్న టెక్నీషియన్ కుట్టాడు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "గవర్నమెంటేనా! ఎవత్తో ఉందనీ, ఆ పాపం కడుక్కోడానికే నన్ను సముద్రానికి తిప్పుతున్నారనీ అనుకున్నాను. అయినా వస్తానన్నాను. నాకూ సిగ్గులేదు."

ఫ్యాను ముక్కుతూ తిరిగింది. గోడల మీద సముద్రాలు కదలకుండా ఉన్నాయి. ఏమీ చూడకుండా, ఏ పడవా ఎక్కకుండా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

స్క్వాడ్ వాళ్లు వచ్చి, మూత కింద సన్నటి పిన్ను దూర్చారు. టిక్కు ఆగింది. "చేతులు వదలొచ్చు," అన్నారు. ఆమె ఫ్లాస్కు వదిలింది.

"సార్," అన్నాడు గోడ బొత్తాంతో, "నాకు సెలవు కావాలి. నిజం టూరుకి."

"వెళ్లిరా," అన్నాడు చీఫ్ చెవిలో. "దారిలో మూడో ద్వీపంలో మనకో చిన్న పనుంది..."

గోడ బొత్తాం పుటుక్కున తెంపి, బల్ల మీదున్న నీళ్ల గ్లాసులో వేశాడు. భార్య కొంగుముడి విప్పింది. అందులో ఆమె కుట్టిన అసలు బొత్తాం ఉంది.

"మీ ఆఫీసు బ్యాగు అడుగున దొరికింది," అంది. "ఎప్పటికైనా అడుగుదామని దాచాను. ఇటు తిరగండి, కుడతాను."

డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆ మైకు విధి నిర్వహణలో మునిగి మరణించినట్టుంది.