కన్నున్న గేము

నాకు అసహ్యం పాలు ఎక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, ముందే చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఎవరి ఎంగిలి గ్లాసూ ముట్టను. పెండ్లి భోజనాల్లో పక్కవాడు చారు జుర్రితే విస్తరి మడిచి లేస్తాను. అలాంటివాణ్ణి పోయి పోయి మానుకోట స్టేషన్ రోడ్డులో రేడియోలు, గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. రేడియో వెనక మూత తీస్తే పాట కంటే ముందు బొద్దింకలు వస్తాయి. గడియారం పట్టీ కింద ఏళ్ల నాటి చెమటా మట్టీ కలిసి నల్లగా పేరుకొని ఉంటాయి. అందుకే నా బల్ల మీద స్పిరిటు సీసా, దూది ఎప్పుడూ ఉండేవి. నా పేరు సుదర్శన్. నా ఒళ్లంతా దవాఖాన వాసనేనని నా భార్య లీలావతి ఎగతాళి చేసేది.

లీలావతి నాకు పూర్తిగా విరుద్ధం. ఆమెకు తిండంటే ప్రాణం. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకొని దుకాణానికి వచ్చేది, నాతో పాటు వెనక బెంచీ మీద కూర్చొని తినేది, నేను వంక పెట్టి వదిలేసింది కూడా తనే తినేది. తిన్నాక వేళ్లు నాకేది. నేను చీదరించుకుంటూనే కన్నార్పకుండా చూసేవాణ్ణి. పిల్లల్లేని ఇంట్లో ఆ పూట భోజనమే మాకు పండుగ. ఆమె ముక్కుపుడక రాయి ఒకటి ఊడితే నేనే దుకాణంలో ఎర్రలక్కతో అతికించాను. నగలపని రానివాడి అతుకు కదా, కొంచెం వంకరగా వచ్చింది. అదే బాగుందని ఆమె మార్చనివ్వలేదు.

ఎనభై ఆరులో, ఆషాఢం ముసురు పట్టిన ఒక పొద్దున, మాన్‌సింగ్ అనే అతను వచ్చాడు. గంగారం వైపు తండా అతనిది. బొంబాయిలో పాత ఓడలు విరగ్గొట్టే పనికి పోయి రెండేళ్లకు తిరిగొచ్చాడట. తువ్వాలలో చుట్టిన వస్తువును వేలు తగలకుండా నా బల్ల మీద దొర్లించాడు.

అరచేతిలో పట్టే గేము అది. బూడిదరంగు ప్లాస్టిక్కు, చిన్న తెర, రెండు మీటలు. అలాంటివి అప్పటికి రెండు బాగుచేశాను. వాటిలో బొమ్మలు అచ్చేసినట్టు ముందే ఉంటాయి. దీని నెత్తిన మాత్రం ఇంకొకటి తగిలించి ఉంది. కుంకుడుకాయంత బుడిపె, దానికో అద్దం, అటూ ఇటూ తిరిగే మెడ. కెమెరా. ఆడుకునే గేముకు కెమెరా ఎందుకో నాకు అంతుబట్టలేదు. విరగ్గొట్టిన ఓడలో, ఒక గదిలో పరుపు కింద దొరికిందని మాన్‌సింగ్ చెప్పాడు.

"బాగు చెయ్యొద్దన్నా. బందు చెయ్యి. సెల్లులు తీసినా బందైతలేదు."

తిప్పి చూశాను. సెల్లులు పెట్టే గడి ఖాళీగా ఉంది. అడుగున పచ్చటి తడి. పాచిపోయిన అన్నం వాసన, దాని వెనక గోడసందులో చచ్చిన ఎలుక వాసన. అయినా తెర వెలుగుతూనే ఉంది. బూడిదరంగు చుక్కలతో ఒక ముసలావిడ ముఖం. పండ్లు లేవు. పైనుంచి చిన్న ముద్దలు రాలుతుంటే, ఆ నోరు కిందికి జరిగి అందుకొని మింగుతోంది. మింగిన ప్రతిసారీ మూలన అంకె ఒకటి పెరుగుతోంది.

"మా యాడి," అన్నాడు. అమ్మను వాళ్లు అలా అంటారు.

సరదాకు ఆ కన్ను తల్లి వైపు తిప్పాడట. టిక్కుమని ఆమె ముఖం తెర మీదికి వచ్చింది. ఆ పూట నుంచి ఆమెకు ఇంట్లో తిండి దిగలేదు. తెర మీద మాత్రం తింటోంది. మీటలు నొక్కి ఆ నోటిని ముద్ద కిందికి జరుపుతున్నంతసేపూ ఇక్కడ ప్రాణం నిలిచింది. పంతొమ్మిది రోజులు పగలూ రాత్రీ నొక్కాడు.

"కన్నంటుకున్నదన్నా," అన్నాడు చిన్నగా. "లేసి సూసేసరికి సల్లబడ్డది. గిప్పుడు ఎవ్వలు నొక్కకున్నా తింటనే ఉన్నది. ఎవ్వల దిక్కూ తిప్పకు."

నమ్మలేదు. దుఃఖంలో ఉన్నవాడితో వాదమెందుకని తలాడించాను. అతను తువ్వాల కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కానీ స్క్రూడ్రైవరు చేతిలో ఉన్నవాడికి బుద్ధి ఎక్కడుంటుంది?

కళ్లద్దాలు సర్దుకొని బుడిపె వెనక స్క్రూలు తీశాను. లోపల తీగలు లేవు. రేకు లేదు. నమిలి ఉమ్మిన అన్నం కుక్కి ఉంది. పసుపుపచ్చగా. వెచ్చగా. దాని నడుమ తడితడిగా ఏదో గుండ్రంగా మెరిసింది. స్క్రూడ్రైవరు మొన తగలగానే అది... ముడుచుకుంది.

ఎలా మూత బిగించానో తెలియదు. పరుగెత్తి దుకాణం వెనక మోరీలో కక్కాను. స్పిరిటుతో చేతులు మూడుసార్లు కడిగాను, వాసన పోలేదు. గేమును తువ్వాలలో చుట్టి పెట్టాల్సింది. ముట్టుకోవాలంటే రోతపుట్టి, బల్ల మీదే వదిలేశాను. నేను చేసిన పాపం అదే.

నాలుగోసారి చేతులు కడుగుతుంటే ముందుగదిలో క్యారియర్ చప్పుడైంది. లీలావతి వచ్చింది.

"ఏందయ్యా, గీ ముసల్ది తింటనే ఉన్నది," అని నవ్వింది.

ముట్టుకోకు అని అరిచాను. ఏముందోనని ఆమె దాన్ని తనవైపు తిప్పుకుంది.

టిక్.

భోజనానికి కూర్చున్నాం. లీలావతి మొదటి ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయింది. మెల్లగా వేళ్లు పెట్టి బయటికి తీసింది. పురుగులున్నాయంది. తెల్లటి అన్నం, పప్పు, అంతే. రెండో ముద్దకు వాంతి చేసుకుంది. నేను తెర వైపు చూశాను. ముసలావిడ లేదు. బూడిద చుక్కల్లో లీలావతి, ముక్కుపుడకతో సహా. నోరు తెరిచి ఉంది. పైనుంచి ముద్ద రాలుతోంది.

మీట నొక్కాను. నోరు జరిగి అందుకుంది. నా పక్కన, ఖాళీ నోటితో, లీలావతి గుటక వేసింది.

మూడు రోజులు నొక్కాను. నిద్ర రాకుండా కనురెప్పల మీద ఘాటైన జిందాతిలస్మాత్ మందు రాసుకున్నాను. ఒక్కటి తప్పిస్తే చాలు, ఆమె పెదవులు నీలంగా మారేవి. దవాఖానలో కామెర్లన్నారు, గ్లూకోజు పెట్టారు. ఆమె బుగ్గలు పీక్కుపోయాయి. మూడో రోజు నా చొక్కా పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"నా నోట్ల ఎవలో ముద్దలు పెడ్తున్నరు... పాసిపోయినయి... ఎవలో నమిలినయి..."

ఆమె పంటి సందుల్లో పసుపు మెతుకులు. ఆమె తాగిన నీళ్లు కూడా తాగనివాణ్ణి, ఆ నోట్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తుడిచి తీశాను. రోత పుట్టింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

నాలుగో రోజు పక్కింటి భద్రమ్మవ్వ చూడటానికి వచ్చింది. లీలావతి నోరు తుడిచిన గుడ్డ మీది మెతుకులను చూడగానే చేయి వెనక్కి తీసుకుంది. పసుపు కలిపి, పిల్లల చుట్టూ తిప్పి, మూడుతొవ్వల కాడ పారేసే ముద్దవి అంది. ఊళ్లో దిష్టంతా దీని నోట్లో పడుతోందంది. నేను గేము సంగతి, దాని కన్ను సంగతి చెప్పాను.

"నరుని కంటికి నల్లరాయే పగుల్తది కొడుకా. గిది నరుని కన్ను గూడ గాదు. ఆకలైన కన్నుకు ముద్దేసి సాగనంపాలె. ముద్ద పక్కన దాన్ని గూడ ఆడ పెట్టు, తిరిగి రా. ఎనుకకు మర్లి సూసినవో, నీ ఎంబడే ఇల్లు జొర్రుతది."

అవ్వ ముద్ద కలిపి లీలావతి చుట్టూ తిప్పి, విస్తరాకులో పెట్టి ఇచ్చింది. దీపాలు పెట్టే వేళ. ముసురుకు రోడ్డు అప్పుడే నల్లబడింది. ఎడమచేతిలో విస్తరాకు, కుడిచేతిలో గేము. నడుస్తూనే బొటనవేలితో నొక్కుతున్నాను. కన్నును నేల వైపు తిప్పి పట్టుకున్నాను. కురవి రోడ్డు చీలే చోట ఒక్క మనిషి లేడు. తడిసిన పేడ వాసన, దాన్ని మించి నా చేతిలో వాసన.

ముద్దను నేల మీద పెట్టాను. దాని పక్కన గేమును పెట్టాను. తెర మీద లీలావతి ముఖం చుక్క చుక్కగా చెదిరింది. ముక్కుపుడక ఒక్కటే కాసేపు నిలిచి అదీ పోయింది. తెర ఖాళీ. గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

చుక్కలు మళ్లీ చేరడం మొదలైంది...

ముందు కళ్లద్దాలు. తర్వాత మీసం.

నేల వైపు తిప్పిన కన్ను మెడ తిప్పుకొని నన్ను చూస్తోంది.

టిక్.

వెనుదిరిగి పరుగెత్తాను. పది అడుగులైనా వేశానో లేదో, నోట్లో ముద్ద పడింది. చల్లటిది. జిగటగా ఉంది, దాంట్లో వెంట్రుక ఉంది. అది ఎవరో సగం నమిలినది. ఉమ్మాలనుకున్నాను, గొంతు తనంతట తనే మింగేసింది.

అప్పుడే వెనక చెప్పుల చప్పుడు. టప్... టప్... ముద్ద పెట్టిన చోటుకు వచ్చి ఆగింది. ఎవరో వంగినట్టు బట్టల సవ్వడి. తర్వాత మీటల చప్పుడు. టిక్. టిక్. రెండో ముద్ద సరిగ్గా నా నోట్లో పడింది.

ఒక్కసారి తిరిగి చూస్తే ఎవరో తెలిసేది. కానీ అది నా వెంట ఇల్లు చేరుతుంది. ఇంట్లో లీలావతి ఉంది. పండ్లు బిగించి నడిచాను. చూడలేదు.

ఇంటికొచ్చేసరికి లీలావతి కూర్చొని గిన్నెలో నుంచే అన్నం తింటోంది. భద్రమ్మవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"నువ్వు తిన్నవా?" అని లీలావతి నోటినిండా అన్నంతో అడిగింది.

తిన్నానన్నాను.

మూడేళ్లయింది. నా చేత్తో ఒక్క మెతుకు ఎత్తలేదు. అయినా చిక్కలేదు. వేళ తప్పకుండా ముద్ద వస్తుంది, పగలూ రాత్రీ. మాన్‌సింగ్ పంతొమ్మిది రోజులకే ఓడిపోయాడు. మూడేళ్లుగా నిద్రపోని ఆ చేతులెవరివో నాకు తెలియదు. డోర్నకల్ ప్యాసింజర్‌లో, సంతల్లో, ఎవరి చేతిలో ఏ ఆటవస్తువు కనిపించినా ఆగి చూస్తాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ పిల్లికి విసుగు పుట్టకూడదని మాత్రం రోజూ మొక్కుతాను.

లీలావతి బాగా తింటుంది. వేళ్లు మాత్రం నాకడం లేదు. నమలడం కూడా మానేసింది, ఊరికే మింగుతుంది. జబ్బు చేసి లేచిన మనిషి కదా అని అడగలేదు.

నిన్నటి నుంచి ముద్దలు ఆలస్యంగా వస్తున్నాయి. ఇవాళ పొద్దుటి నుంచి ఒక్కటే వచ్చింది. దాంట్లో ఏదో గట్టిగా పంటికి తగిలింది. అరచేతిలోకి ఉమ్మి, స్పిరిటుతో కడిగి, దీపం దగ్గర పెట్టి చూశాను.

ముక్కుపుడక. ఒక రాయి ఎర్రలక్కతో అతికించి ఉంది, కొంచెం వంకరగా. నా చేతి అతుకు నాకు తెలియదా? అయితే మూడేళ్లుగా అక్కడ మీటలు నొక్కుతున్నది నా లీలావతేనా?

తలెత్తి చూశాను. వంటింటి గడపలో లీలావతి గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. ముక్కుపుడక ఆమె ముక్కుకే ఉంది. దాని రాళ్లన్నీ తెల్లగా, తిన్నగా ఉన్నాయి.

"తిన్నవా?" అని అడిగింది.