జీడిమరక

"మేడమ్, సాయంత్రం ఐదింటికి నన్ను కాలేజీలోంచి తీసేత్తారట!"

కుర్చీలో కూర్చున్నాక కూడా మగ్దలీన చేతులు చున్నీలోంచి బయటికి తియ్యలేదు. కాశీబుగ్గలో ప్రైవేట్ డిటెక్టివ్ సుభద్ర ఆఫీసుకు భయపడుతూ వచ్చినవాళ్ళు చాలామందే. అదే భయంతో తిరిగి వెళ్ళినవాళ్ళు మాత్రం లేరని ఆమె సహాయకుడు, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ పోలయ్య, అడగనివాళ్ళకు కూడా చెబుతుంటాడు.

టెక్కలి దారిలోని ఓ కాలేజీ నాటక విభాగం ఈ ఏడు నాలుగు కొత్త నాటకాలు వేస్తోంది. చివరిది జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళ కథ. ప్రదర్శన ఆ రోజే, సాయంత్రం ఆరింటికి. జీడిరసానికి నల్లబడ్డట్టు కనిపించడానికి కథానాయిక తనూజ వేళ్ళకు నల్లరంగు పూయాలి. పొద్దున ఆ పని మగ్దలీన చేసింది. పదింటికల్లా తనూజ వేళ్ళు బొబ్బలెక్కాయి.

"రంగులో పచ్చి జీడిపిక్కల రసం కలిపీసినానట. మా అమ్మ పిక్కలు ఒలుత్తాది కదా, నాకే దొరుకుతాదట. ఆ వేసం నాకు రావాలని సేసినానట!"

"ఎన్నింటికి పూశావు?"

"తొమ్మిదిన్నరకి."

"నిన్న ఎవరు పూశారు?"

"డ్రెస్ రిహార్సల్‌కి జనార్దనరావు సారే పూసినారు."

సుభద్ర లేచింది. "పోలయ్యా, బండి తియ్యి."

దారిలో పోలయ్యకు నవ్వొచ్చింది. "అరగంటలో బొబ్బలేటి మేడమ్? మా ఆడది ఆముదం రాసుకోకండా ఒలిసినప్పుడు మర్నాటికి గానీ బొబ్బలు లెగలేదు."

నాటక విభాగం హెడ్ జనార్దనరావు విజయవాడ నుంచి వచ్చి ఏడాది కాలేదు. మర్యాదగా టీ తెప్పించి, తన గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడి చూపుడువేలికి ప్లాస్టర్ ఉంది.

"బ్లేడు కోసుకుంది" అన్నాడు.

సుభద్ర రంగు డబ్బా వాసన చూసింది. కాటుక, కొబ్బరినూనె, అంతే. తర్వాత అందరినీ స్టేజీ మీదకు పిలిచింది. ప్రిన్సిపాల్ సుధారాణి చేతిలో మగ్దలీన టీసీ సిద్ధంగా ఉంది.

"జీడిరసం తగిలిన గంటలో ఏమీ కాదు. బొబ్బలు మర్నాడు లేస్తాయి. ఇక్కడ పిక్కలు ఒలిచే ఇళ్ళలో అందరికీ తెలుసు. కాబట్టి రసం తగిలింది ఇవాళ కాదు, నిన్న. జనార్దనరావుగారూ, ఆ ప్లాస్టర్ తీస్తారా?"

ఆయన తియ్యలేదు. "చెమటకు రంగు కారిపోతోంది. అసలు జీడిమరకైతే నిలుస్తుందని నిన్న పిక్కల రసమే పూశాను. ముందు నా వేలికే రాసుకుని గంట చూశాను. ఏమీ కాలేదు."

"అది పొరపాటు. పొద్దున మీ వేలు పొంగాక కూడా నేరం ఈ పిల్ల మీదకు తోశారే, అది పొరపాటు కాదు."

పోలయ్య గర్వంగా మీసం సవరించుకున్నాడు. సుధారాణి టీసీని నాలుగు ముక్కలు చేసి, "నీ మాట వినకుండా సంతకం పెట్టాను. తప్పు నాదమ్మా" అంది. తర్వాత తనూజ కట్లు చూసి నిట్టూర్చింది. "నాటకం ఆపేద్దాం."

"వొద్దు మేడమ్" అంది తనూజ. "మగ్దలీనకి డైలాగులన్నీ వొచ్చు. తనే ఎయ్యాల."

"గంటే ఉంది. వేళ్ళకు రంగు మళ్ళీ ఎవరు పూస్తారు?" అంది సుధారాణి.

రెండేళ్ళుగా కాలేజీలో, రంగు పూసేటప్పుడు కూడా గ్లవ్స్ తొడిగి, ఎవరి కంటా పడనివ్వని చేతులను మగ్దలీన చున్నీలోంచి బయటికి తీసింది. సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని పిక్కలు ఒలిచిన పది వేళ్ళూ గోళ్ళదాకా నల్లగా ఉన్నాయి.

"రంగు అక్కర్లేదు మేడమ్" అంది.