ముప్పై రెండు వేల కిటికీ

"ముప్పై రెండు వేలకు ఒక్క కిటికీనా?"

వసంత ఆ మాట ఎంత గట్టిగా అందంటే, దుకాణం ముందు యూరియా బస్తా ఎత్తుకుంటున్న రైతు దాన్ని కింద పెట్టి మరీ నన్ను చూశాడు. దొంగ విత్తనాలు అమ్ముతూ దొరికిపోయినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"కిటికీ కాదు మేడం, బాల్కనీ. తలుపు తీసుకొని బయట కూసోవచ్చు."

"మా ఇంటికి ఎనిమిది కిటికీలున్నయి సార్. అన్నీ కలిపినా గంత కాలేదు."

"మీ ఇల్లు సముద్రంల తేలదు కద మేడం."

"తేలొద్దనే గట్టిగ కట్టుకున్నం."

ఆవిడతో మాట్లాడితే ఇంతే. మనం ఒకటి అంటే అటు నుంచి రెండు వస్తాయి.

నా పేరు భానుప్రకాశ్. గద్వాలలో ఉంటాను, ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. ఈ ఏడు టార్గెట్ దాటిన డీలర్లకు మా కంపెనీ షిప్పు టూరు పెట్టింది. డిసెంబరులో, ముంబై నుంచి, నాలుగు రోజులు. డీలరుతో పాటు ఇంకొకరు రావచ్చు. కంపెనీ ఇచ్చేది లోపలి క్యాబిన్. నాలుగు గోడలు, ఒక తలుపు, కిటికీ ఉండదు. బాల్కనీ కావాలంటే అప్‌గ్రేడ్, ఆ తేడా డీలరే కట్టుకోవాలి. నాకు పంతొమ్మిది మంది డీలర్లు. పద్దెనిమిది మంది ఫోన్లోనే తేల్చేశారు. గద్వాలలో ఒకాయన మాత్రం బాల్కనీలో బట్టలు ఆరేసుకోవచ్చా అని అడిగాడు, అంతే.

పంతొమ్మిదో డీలరు ఆత్మకూరు వసంత. రెండేళ్ళ కిందట తండ్రి మాసయ్య దుకాణం ఆమెకు అప్పగించి పొలం చూసుకుంటున్నాడు. చెవి వెనక పెన్ను పెట్టుకొని, ఆ పెన్ను కోసమే గల్లాపెట్టె అంతా వెతికే మనిషి. ఆ పెన్ను "మీ చెవి వెనకే ఉంది మేడం" అని నేను మొదటిసారి చెప్పిన రోజు ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసినప్పటి నుంచీ నాకు గద్వాల నుంచి ఆత్మకూరు దారి దగ్గరైపోయింది. దాచడం ఎందుకు?

"వచ్చే వారం శుక్రవారం, సాయంత్రం ఐదు లోపల చెప్పాలె మేడం. ఇంగ పదకొండు రోజులున్నయి."

"నాతోని మా అవ్వ వస్తది. ఆమెను అడగాలె."

అడగండి, దానికేముంది అనుకున్నాను. దానికెంతుందో నాకేం తెలుసు!

మర్నాడు వెళ్ళేసరికి ఆ అవ్వ, వసంత నాయనమ్మ జమ్ములమ్మ, బస్తాల పక్కన గోనెపట్టా మీద కూర్చొని పల్లికాయలు ఒలుస్తోంది. నేనే అడిగేశాను.

"అవ్వా, షిప్పుల మీ అర్రకు కిటికీ కావాల్నా, వద్దా?"

"కిటికీలకెళ్లి ఏం కనపడ్తది?"

"సముద్రం."

"సముద్రం నేను సూడనిదా?"

వసంత నా వైపు వంగి, "శంకరసముద్రం అనుకుంటున్నది సార్" అని గుసగుసగా చెప్పింది. నిజమే, మా వైపు పెద్ద చెరువుకు సముద్రమనే పేరు. ఉప్పు నీటి చుక్క కూడా లేని పాలమూరులో పది ఊళ్ళకో సముద్రం ఉంటుంది.

"చెరువు కాదవ్వా, ఉప్పు సముద్రం. ఎటు చూసినా నీళ్లే."

"ఉప్పు నీళ్లా? ఎడ్లు గూడ మూతి పెట్టవు. దాన్ని సూడనీకె పైసలా?"

నేను వసంత వైపు చూశాను. ఆమె నవ్వు ఆపుకోడానికి బిల్లు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

మూడో రోజు ఫోన్లో వీడియో చూపించాను. అవ్వ చివరిదాకా చూసి, "జొన్నరొట్టె పెడ్తరా?" అని అడిగింది. నాలుగో రోజు మళ్ళీ వెళ్ళాను.

"కిటికీ ఏ దిక్కు ఉంటది పిలగా?"

"షిప్పు తిరుగుతుంటది అవ్వా. దానికి ఒక దిక్కని ఉండదు."

"దిక్కులేని అర్రకు ముప్పై రెండు వేలా?"

తల ప్రాణం తోకకొచ్చింది. హైదరాబాదు నుంచి మా మేనేజరు రోజుకు మూడుసార్లు ఫోన్. "పద్దెనిమిది మందికి లేని కష్టం ఆ ఒక్కరికేమిటయ్యా? అవునో కాదో రాసి పంపు!" నేనేం చెప్పను? వాళ్ళవ్వకు దిక్కు దొరకలేదు సార్ అని చెప్పనా?

ఆరో రోజు వాన పట్టుకుంది. జూరాల కట్ట దాటుతుండగానే మొదలై, దుకాణం చేరేసరికి నేను తడిసి ముద్దయ్యాను. బయటి బస్తాలు లోపలికి లాగుతూ తనూ తడిసిన వసంత ఒక తువ్వాలు నా మీదికి విసిరింది. చాయ్ కూడా తెప్పించింది. రేకుల మీద వాన చప్పుడుకు ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"వెయ్యి ప్యాకెట్ల ఆర్డరు ఒక్క నిమిషంల చెప్తరు మీరు. ఒక్క కిటికీకి ఇన్ని రోజులా మేడం?"

"ప్యాకెట్లు నావి సార్. కిటికీ అవ్వది."

"మీరే చెప్పేయొచ్చు కద?"

"చెప్పొచ్చు. చెప్ప."

చాయ్ తాగాను. జడ చివర్నుంచి నీళ్ళు పిండుకుంటూ ఆమె ఒకసారి నన్ను చూసింది, నేను చూసేసరికి మళ్ళీ వాన వైపు తిరిగింది. ఆ చూపు ఖరీదు ముప్పై రెండు వేల పైనే ఉంటుందని నాకనిపించింది. వెధవ పని అక్కడే మొదలైంది.

పదో రోజు, బుధవారం, మేనేజరు నన్ను తిట్టిన తిట్లకు నా ఓపిక అయిపోయింది. కొత్త బండికని దాచుకున్న డబ్బులు తీసి, వసంత పేరున బాల్కనీకి నేనే కట్టేశాను. గోల వదిలింది. వాళ్ళవ్వ సముద్రం చూస్తుంది, వసంత సంతోషపడుతుంది, నేను మంచివాణ్ణైపోతాను. లెక్క ఎంత బాగా కుదిరిందో!

గురువారం ఈల వేసుకుంటూ దుకాణం మెట్లెక్కాను.

"మేడం, మీ పరేషాన్ తీరిపోయింది. బాల్కనీ బుక్ చేసిన."

పెన్ను చెవి వెనక నుంచి తీస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు కట్టిండ్రు?"

"నేనే. ఏముంది మేడం, మీరు తర్వాత..."

"నా అర్రకు కిటికీ పెట్టనీకె మీరెవరు?"

ఈసారి గట్టిగా అనలేదు. మెల్లగా అంది. దానికే భయమేసింది.

"మంచిదే చేసిన కద మేడం..."

"ఏం మంచి? మా అవ్వ పన్నెండేండ్ల ఈడు సంది లేబర్ పనికి పోయింది. మేస్త్రీ లారీ ఎక్కమంటే ఎక్కుడు, దిగమంటే దిగుడు. ఏ ఊరు పోతున్నమో గూడ చెప్పకపోయేటోళ్లు, దిగినంకనే తెలిసేది. నీకేం కావాలె అని ఆమెను జిందగీల ఎవ్వరూ అడగలే. నేను ఈ పదకొండు దినాలు ఎందుకు కూసున్ననుకున్నరు? ముప్పై రెండు వేలు లేకనా?"

నేను ఎక్కిన మెట్లలో ఒకటి దిగాను.

"ఆమె నోట్లకెళ్లి నాకిది కావాలె అన్న మాట ఒక్కసారన్న వినాలె అనుకున్న సార్. మీరు గూడ ఆ మేస్త్రీ లెక్కనే చేసిండ్రు. పోండి."

తిరిగి గద్వాల చేరేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అడగకుండా ఇచ్చింది కూడా ఒక్కోసారి లాక్కోవడమే అవుతుందని నా మట్టిబుర్రకు ముప్పై ఏళ్ళకు తెలిసింది. టూరు ఆఫీసుకు ఫోన్ చేసి నేను కట్టింది రద్దు చేయమన్నాను. వాళ్ళు కొంత పట్టుకుంటామన్నారు. పట్టుకోండి అన్నాను. తర్వాత మేనేజరు నాకు పిచ్చి పట్టిందని తేల్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆత్మకూరు వెళ్తే దుకాణంలో మాసయ్య ఒక్కడే ఉన్నాడు.

"అవ్వను కండ్ల దవాఖానకు తోల్కపోయింది సార్, నాగర్‌కర్నూల్‌కు. నిన్నటి సంది ఎవరితోని మాట్లాడుతలేదు. ఏమన్న అయిందా?"

"నా తప్పే మాసయ్యగారూ. అది చెప్పనీకే వచ్చిన."

వనపర్తి దాటి, గోపాల్‌పేట దాటి నాగర్‌కర్నూల్ చేరేసరికి మూడున్నర. దవాఖానలో లేరు. ఇప్పుడే కట్ట మీదికి పోయిండ్రు అన్నారు. కేసరిసముద్రం కట్ట మీద సిమెంటు బెంచీ పైన ఇద్దరూ కూర్చొని ఉన్నారు. వాన వెలిసి చెరువు నిండుగా ఉంది. వసంత నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను ఆమె దగ్గరికి వెళ్ళలేదు. అవ్వ ముందు నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, నేను మిమ్ముల అడగకుండనే బాల్కనీకి పైసలు కట్టిన. తప్పైంది. వాపస్ తీసుకున్న. ఇప్పుడు అడుగుతున్న. మీకు ఏ అర్ర కావాలె? ఏదీ వద్దన్నా సరే. ఐదు దాటినా పర్వాలేదు, నేను తిట్లు తింట."

అవ్వ నీళ్ళ మీది నుంచి చూపు తిప్పి మా ఇద్దరినీ చూసింది.

"సముద్రం నాకు తెల్వదనుకున్నరు మీరిద్దరు."

"మరి శంకరసముద్రం..." అంది వసంత.

"నువ్వన్నవు శంకరసముద్రమని. నేనన్ననా? బొంబాయిల రేవు కట్టేతందుకు పోయినం, నేను, మీ తాత. తొమ్మిది నెలలు. రేకుల షెడ్డు మాది. సముద్రం దిక్కు మేస్త్రీ అర్ర, దానికి కిటికీ. మాకు గోడ. పండుకుంటే సప్పుడు వినపడేది, కనపడకపోయేది. పొద్దుగాల బండలు మోసుకుంట తలకాయెత్తితే మేస్త్రీ తిట్టేటోడు. ఒక్కనాడన్న ఉట్టిగ కూసొని సూడాలె జమ్ములూ అనేటోడు మీ తాత. కూసోకనే పాయె."

వసంత అవ్వ చెయ్యి పట్టుకుంది.

"మరి నన్ను ఇన్ని రోజులు ఎందుకు తిప్పిండ్రు అవ్వా?" అన్నాను, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. "దిక్కంటిరి, ఎడ్లంటిరి, రొట్టెలంటిరి!"

"నేనేం తిప్పలే. నువ్వే తిరిగితివి. నువ్వొచ్చే యాళ్లకు ఈ పిల్ల దినాం రెండోసారి జడ ఏసుకుంటుండె. మంచిగున్నది కద, ఇంగ నాలుగు దినాలు కానీ అని సూసిన."

"అవ్వా!" వసంత లేచి నిలబడింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఏందే, అబద్ధమా? ఇంగ ఇను పిలగా. నాకు బాల్కనీ కావాలె. కుర్సీ ఏసుకొని కూసుంట. బండ మొయ్యకుంట, తట్ట మొయ్యకుంట, ఉట్టిగ సూస్త. డాక్టరు నా కండ్లు మంచిగున్నయన్నడు. రాసుకో."

నాకు కావాలె. ఆ రెండు మాటలు విని వసంత అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఫోన్ తీసి డబ్బు తనే కట్టింది. నాలుగూ నలభై. బ్యాగులోంచి నేనిచ్చిన టూరు ఫారం తీసి, నా బండి సీటు మీద పెట్టి గబగబా నింపడం మొదలుపెట్టింది.

"నిన్న మీరొక మాట అడిగిండ్రు," అన్నాను పక్కన నిలబడి.

"ఏ మాట?"

"మీరెవరు అని."

ఆమె పెన్ను ఆగింది. "జవాబు చెప్పలే మీరు."

"రోజూ ఆత్మకూరు రానీకె ఏదన్న ఒక సాకు దొరకాలని మొక్కుకునేటోన్ని. కిటికీ తేలిపోతే ఇంగ ఏ సాకుతోని రావాలె అని రంది పడేటోన్ని. మీరంటే ఇష్టం వసంతా. గంతే."

ఆమె ఫారం మీదికి వంగి ఇంకో రెండు ముక్కలు రాసి పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది. "టైం అయితున్నది. పంపుండ్రి ముందు."

ఏం మనిషండీ! మనసు విప్పి చెబితే టైం అయిందంటుంది! ఫోటో తీసి నాలుగూ యాభై రెండుకు మేనేజరుకు పంపాను. చదివే తీరిక ఎక్కడిది? వసంత వెళ్ళి కట్ట అంచున నిలబడి, పనేమీ లేనట్టు చెరువును చూస్తోంది.

ఐదు కాకముందే ఫోన్ మోగింది.

"ఏమయ్యా భానుప్రకాశ్! పంపే ముందు చదివావా దీన్ని?"

"ఏమైంది సార్? బాల్కనీ టిక్కు పెట్టలేదా?"

"పెట్టింది. అర్జంటైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న దగ్గర నీ పేరు, నీ నంబరు రాసింది."

"అవునా సార్?"

"దాని పక్కన 'సంబంధం' అని గడి ఉంది కదా? అన్న, తమ్ముడు, తండ్రి అని రాస్తారు అందరూ. ఈవిడేం రాసిందో చదవనా? 'మా నాయనతోని మాట్లాడాలె' అట! ఏం సంబంధమయ్యా ఇది? నేను సిస్టంలో ఏమని ఎక్కించాలి?"

నేను తల తిప్పి చూశాను. వసంత ఇంకా చెరువు వైపే చూస్తోంది గానీ, చెవి వెనక పెన్ను కోసం తడుముకుంటోంది. పెన్ను నా చేతిలో ఉంది.

"ఖాళీగ ఉంచండి సార్," అన్నాను. "ఆదివారం పోయి మాట్లాడొచ్చి చెప్త."